ప్రాగ్ పాత పట్టణంలో చార్లెస్ వంతెన, దాని కాపలా బురుజు: తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి జర్మనీకి చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన పిల్లలు అమ్మానాన్నలను కొన్నాళ్లు తమ దగ్గరికి పిలిపించుకోవడం ఇప్పుడు మామూలైంది. అలా వెళ్లినవారు బెర్లిన్ నుంచో డ్రెస్డెన్ నుంచో రైలెక్కి చెక్ దేశపు రాజధాని ప్రాగ్ చేరుకుంటారు. చార్లెస్ వంతెన మీద ఆ చివరి నుంచి ఈ చివరికి గబగబా నడిచి, నాలుగు ఫొటోలు దిగి, కోట చూడాలన్న తొందరలో సాగిపోతారు. ఆ వంతెనకు కనీసం ఒక పూట కేటాయించాలి. అది నదిని దాటించే దారి మాత్రమే కాదు; రెండు చివరలా బురుజులతో, మూసుకునే ద్వారాలతో కట్టిన రక్షణ కట్టడం. చెక్ రాజుల పట్టాభిషేకపు ఊరేగింపులు దాని మీదుగానే కోటకు వెళ్లాయి, శత్రుసేనలు దాని మీదే ఆగిపోయాయి, వరదలు దాని కమానులను కూల్చాయి. ఇవన్నీ రాతి మీద నేటికీ కనిపిస్తాయి కాబట్టి, ఏది ముందు చూడాలో, ఎక్కడ నిలబడి చూడాలో తెలిసి వెళ్తే ఆ పూట సార్థకమవుతుంది.

బయలుదేరే ముందు

చెక్ దేశం 2007 నుంచి షెంగెన్ ఒప్పందంలో ఉంది. అందువల్ల జర్మనీకి తీసుకున్న షెంగెన్ వీసాతోనే ప్రాగ్‌కు వెళ్లి రావచ్చు, వేరే వీసా అక్కరలేదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశపు దరఖాస్తు కేంద్రంలోనే వీసాకు దరఖాస్తు చేయాలన్న నియమాన్ని మాత్రం పాటించాలి. దరఖాస్తును ప్రయాణానికి 6 నెలలకన్నా ముందు తీసుకోరు, 15 రోజులకన్నా ఆలస్యం చేయకూడదు. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి రెండు మూడు నెలల ముందే చూసుకోవడం మేలు. కనీసం 30,000 యూరోలకు వర్తించే ప్రయాణ ఆరోగ్య బీమా తప్పనిసరి. ప్రాగ్‌లో చెలామణి అయ్యేది చెక్ కొరునా. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకున్నా వాటికి కట్టే మారకం రేటు మనకు నష్టమే, కాబట్టి కార్డుతో చెల్లించడం తేలిక.

ప్రయాణానికి ముందు ఒక ఉదయం చంద్రగిరికి వెళ్లి రండి. పక్కనే ఉన్న కోట కదా అని మనం ఎప్పుడూ వాయిదా వేసే చోటది. అక్కడి రాజమహల్‌ను విజయనగర రాజుల కాలంలో కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కమాను తన మీది బరువును రెండు పక్కలకూ ఎలా పంచుతుందో, గోడ అంత మందంగా ఎందుకు ఉండాలో, సున్నపు గచ్చు వందల ఏళ్లు ఎలా నిలుస్తుందో అక్కడ చేత్తో తాకి చూడవచ్చు. ఆ కళ్లతో ప్రాగ్ వెళ్తే అక్కడి రాయి కూడా మీకు అర్థమవుతుంది. రాజమహల్‌లోని మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి వెళ్లాలి.

చెప్పుల విషయంలో అశ్రద్ధ వద్దు. ప్రాగ్ పాత పట్టణపు వీధులన్నీ చిన్న చిన్న రాతి దిమ్మెలు పరిచినవే. వాన పడితే జారుతాయి, మడమ చెప్పులు సందుల్లో ఇరుక్కుంటాయి. అడుగు మెత్తగా ఉండి పట్టున్న బూట్లు కావాలి.

ఏ వేళకు వెళ్లాలి

సూర్యోదయానికే. దీనికి రెండు కారణాలున్నాయి. పగలు పదింటి తర్వాత వంతెన మీద జనం ఎంతగా కిక్కిరిసి ఉంటారంటే ఒక విగ్రహం ముందు నిలబడి దాని పీఠం మీది రాతలు చూడడం కూడా సాధ్యపడదు. రెండోది వెలుతురు: పాత పట్టణం వైపున్న బురుజుకు శిల్పాలున్న ముఖం తూర్పుదే, ఉదయపు ఎండ నేరుగా దాని మీద పడుతుంది. నదికి పడమట గుట్ట మీదున్న కోట కూడా ఆ వేళకే బాగా కనిపిస్తుంది. జూన్ నెలాఖరులో అక్కడ తెల్లవారి 5 గంటల ప్రాంతానికే సూర్యోదయం; సూర్యాస్తమయం రాత్రి 9 దాటాక. డిసెంబరులో మాత్రం సాయంత్రం 4 గంటలకే చీకటి పడుతుంది, చలి సున్నా డిగ్రీల కిందికి దిగుతుంది. మన ఎండలకు అలవాటుపడిన పెద్దవాళ్లకు మే, జూన్, సెప్టెంబరు నెలలు హాయిగా ఉంటాయి.

వంతెన మీద నడవడానికి రుసుము లేదు, అది రాత్రింబగళ్లు తెరిచే ఉంటుంది. బురుజు ఎక్కడానికి టికెట్ కావాలి, దాని వేళలు నెలను బట్టి మారుతూ ఉంటాయి. కాబట్టి తెల్లవారగానే వంతెన చూసి, బురుజు తలుపు తెరిచే వేళకు తిరిగి దాని దగ్గరికి వచ్చేలా ప్రణాళిక వేసుకోవాలి.

మొదటి అడుగు: బురుజు తూర్పు ముఖం ముందు నిలబడడం

మెట్రోలో ఎ లైను మీది స్తారోమ్యెస్ట్‌స్కా స్టేషనులో దిగి నది ఒడ్డు వెంట నాలుగైదు నిమిషాలు నడిస్తే వంతెన ముందున్న చిన్న కూడలి వస్తుంది. ట్రాములో వచ్చేవారు కార్లోవీ లాజ్‌న్యె స్టాపులో దిగవచ్చు. ఆ కూడలిలో నాలుగవ చార్లెస్ విగ్రహం ఉంటుంది. చెక్ రాజ్యానికి రాజుగా, పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి చక్రవర్తిగా ఉన్న ఆయనే ఈ వంతెనకు శంకుస్థాపన చేశాడు. వెంటనే వంతెన మీదికి వెళ్లిపోకుండా ఈ విగ్రహం దగ్గర ఆగి బురుజును కింద నుంచి పైకి నిదానంగా చూడాలి.

అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం కింద నుంచి నడిచినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు: దారి బురుజు కడుపులోంచే సాగుతుంది, దాటాలంటే ఆ కమాను కిందనుంచే పోవాలి. అయితే ఇక్కడ బురుజు నిలిచింది ఒడ్డు మీద కాదు, వంతెన కమానులను మోసే మొదటి దిమ్మె మీద. సుమారు 47 మీటర్ల ఎత్తున్న ఈ కట్టడం 14వ శతాబ్దపు గోథిక్ (మధ్యయుగపు ఐరోపా నిర్మాణ శైలి) పనితనానికి మచ్చుతునక. దీని రూపకల్పన, ప్రాగ్ కోటలోని సెయింట్ వీటస్ ఆలయాన్ని తీర్చిదిద్దిన పీటర్ పార్లర్ పేరుతో ముడిపడి ఉంది.

కమానుకు పైన వరుసగా డాలు ఆకారపు పలకలు కనిపిస్తాయి. అవి చార్లెస్ ఏలుబడిలోని రాజ్యాల చిహ్నాలు. వాటికి పైన మధ్యలో నిలబడి ఉన్నది సెయింట్ వీటస్. ఆయన పాదాల కింద చూడండి: రెండు కమానుల చిన్న రాతి వంతెన ఉంటుంది, అంటే ఆయన ఈ వంతెనకు రక్షకుడని శిల్పి చెప్పినట్టు. ఆయనకు ఒక పక్క వయసు మీద పడిన నాలుగవ చార్లెస్, మరో పక్క ఆయన కుమారుడు నాలుగవ వాట్స్‌లావ్ సింహాసనాల మీద కూర్చుని ఉంటారు. ఇంకా పై అంతస్తులో మరో ఇద్దరు పుణ్యపురుషులు. ఇప్పుడు జాగ్రత్తగా వెతకాల్సింది లకుముకిపిట్టను. ముడివేసిన గుడ్డ వలయంలో కూర్చున్నట్టు చెక్కిన ఆ పిట్ట వాట్స్‌లావ్ రాజుకు ఇష్టమైన చిహ్నం. బురుజు మీద చాలా చోట్ల ఉంది. పిల్లలు వెంట ఉంటే వాటిని వెతికే పని వాళ్లకు అప్పగించండి.

తర్వాత కమాను కిందికి వెళ్లి తలెత్తి చూడాలి. పైకప్పు రాతి నరాలు ఒకదానినొకటి దాటుకుంటూ వల అల్లినట్టు ఉంటుంది. బరువును ఆ నరాలే మోసి మూలలకు దించుతాయి.

రెండో అడుగు: పడమటి ముఖం, గాయాల గోడ

కమాను దాటి వంతెన మీద ఇరవై అడుగులు వేసి వెనక్కి తిరగండి. తూర్పున అంత శిల్పం చూసిన కళ్లకు ఈ వైపు గోడ దాదాపు బోసిగా కనిపిస్తుంది. ఈ ఒక్క తేడాలోనే వంతెన చరిత్రలోని పెద్ద ఘట్టం ఉంది. ఐరోపా రాజ్యాల మధ్య సాగిన ముప్ఫై ఏళ్ల యుద్ధం ముగిసే ఏడాది, 1648లో, స్వీడన్ సేనలు నదికి పడమట ఉన్న కోటనూ మాలా స్త్రానా పేటనూ పట్టుకున్నాయి. అక్కడి నుంచి వంతెన మీదుగా పాత పట్టణంలోకి చొరబడాలని ప్రయత్నించాయి. పట్టణవాసులూ, విశ్వవిద్యాలయపు విద్యార్థులూ ఈ బురుజును ఆసరా చేసుకుని వాళ్లను అడ్డుకున్నారు. ఫిరంగి గుండ్లకు ఈ ముఖం మీది శిల్పాలు రాలిపోయాయి గాని, స్వీడన్ సేన బురుజును దాటలేకపోయింది. చాలామంది యాత్రికులు వెనక్కి తిరిగి చూడరు గనుక వారికి ఈ సంగతి తెలియకుండానే పోతుంది.

ఇదే బురుజుకు మరో చేదు చరిత్ర ఉంది. అప్పట్లో చెక్ రాజ్యాన్ని ఏలుతున్న హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తిపై తిరుగుబాటు చేసిన నాయకులు 27 మందిని 1621 జూన్ 21న పాత పట్టణపు కూడలిలో చంపించారు. వారిలో 12 మంది తలలను ఈ బురుజుకు వేలాడదీసి పదేళ్లపాటు ఉంచారు. ఆ కూడలిలో నేల మీద పరిచిన 27 తెల్లని శిలువలను తర్వాత వెళ్లి చూడవచ్చు.

మూడో అడుగు: వంతెన మీద నడక

పొడవు 516 మీటర్లు, వెడల్పు దాదాపు 10 మీటర్లు, కమానులు 16. దీనికి ముందు ఇక్కడ 12వ శతాబ్దపు రాతి వంతెన ఒకటి ఉండేది, యుడిత్ రాణి పేరు పెట్టుకున్నది. 1342 వరదకు అది కూలిపోయింది. కొత్త వంతెనకు శంకుస్థాపన 1357 జూలై 9న తెల్లవారి 5 గంటల 31 నిమిషాలకు జరిగిందని అక్కడివారు చెబుతారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరుసగా పేర్చితే 1 3 5 7 9 7 5 3 1 అవుతుంది. ఎటునుంచి చదివినా ఒకటే. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమన్నది ప్రచారంలో ఉన్న మాట. పంచాంగం చూడనిదే ద్వారబంధం ఎత్తని మన ఇళ్లవారికి చార్లెస్ ఆలోచన వింతగా తోచదు.

సున్నంలో కోడిగుడ్లు కలిపారన్న కథ కూడా వింటారు. రాజ్యంలోని ఊళ్లన్నీ గుడ్లు పంపాలని రాజు ఆజ్ఞ ఇచ్చాడనీ, వెల్వరీ అనే ఊరివారు దారిలో పగలకుండా ఉడకబెట్టి పంపారనీ చెప్పుకుని నవ్వుతారు. డంగు సున్నంలో కరక్కాయ, బెల్లం, గుడ్డుసొన కలిపేవారని మన మేస్త్రీలు చెప్పే మాట విన్నవారు ఆ కథను కొట్టిపారేయలేరు.

వంతెన మీద 30 విగ్రహాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం 1683కూ 1714కూ మధ్య నిలిపినవి. అంటే వంతెన పూర్తయిన సుమారు మూడు వందల ఏళ్లకు వచ్చినవన్నమాట. అంతకుముందు పిట్టగోడలు దాదాపు ఖాళీగానే ఉండేవి. అన్నిటి ముందూ ఆగాలని ప్రయత్నించవద్దు, అలసిపోతారు. నా దృష్టిలో ఈ ఐదింటి దగ్గర తప్పక ఆగాలి.

కుడివైపు మూడోది శిలువ. క్రీస్తు చుట్టూ బంగారు పూత హీబ్రూ అక్షరాలు కనిపిస్తాయి. దైవదూషణ చేశాడన్న అభియోగంతో ఒక యూదుడిచేత 1696లో జరిమానాగా ఆ అక్షరాలు పెట్టించారు. యూదుల ప్రార్థనలోని పవిత్ర వాక్యాన్ని వారిని అవమానించడానికి వాడారు. ఆ అన్యాయాన్ని వివరిస్తూ 2000లో అక్కడే చిన్న ఫలకాలు అమర్చారు. అక్షరాల మెరుపు చూసి సాగిపోకుండా ఆ ఫలకం చదవాలి.

ఎడమవైపు ఫ్రాన్సిస్ జేవియర్ విగ్రహం మనవారికి ప్రత్యేకం. పాత గోవాలోని బామ్ జీసస్ బసిలికాలో ఎవరి భౌతికకాయం ఉందో ఆయనే ఈయన. ఫెర్డినాండ్ బ్రోకోఫ్ 1711లో చెక్కిన ఈ సమూహంలో తూర్పు దేశాల మనుషుల రూపాలు ఆయన పీఠాన్ని భుజాల మీద మోస్తూ ఉంటాయి. మన దిక్కు మనుషులను చూసి ఉండని శిల్పి వారిని ఎలా ఊహించుకున్నాడో ఆ ముఖాల్లో తెలుస్తుంది. 1890 సెప్టెంబరులో వచ్చిన వరదకు కొట్టుకొచ్చిన దుంగలు కమానులకు అడ్డంపడి, నీటి ఒత్తిడికి మూడు కమానులు కూలాయి; ఈ విగ్రహమూ నదిలో పడింది. ఇప్పుడున్నది దాని నకలు.

కుడివైపు ఎనిమిదోది నెపోముక్ యోహాను. తల చుట్టూ ఐదు నక్షత్రాలున్న ఈ కంచు విగ్రహం 1683 నాటిది, వంతెన మీద నేడున్న విగ్రహాల్లో పాతది. రాణి తన దగ్గర చెప్పుకున్న పాపనివేదనను రాజుకు చెప్పనన్నందుకు 1393లో వాట్స్‌లావ్ రాజు ఈయనను ఇక్కడే నదిలోకి తోయించాడన్నది భక్తుల నమ్మకం. పీఠం మీది కంచు పలకలను కోట్ల చేతులు తాకి తాకి బంగారంలా మెరిపించాయి: ఒకదానిలో యోహాను వంతెన మీంచి తలకిందులుగా పడుతుంటాడు, మరోదానిలో కుక్కను నిమురుతున్న సైనికుడుంటాడు. మిగతా పలక నల్లగా ఉండి తాకినంతమేర మాత్రమే మెరవడం చూస్తే, ఎంతమంది ఆశలు అక్కడ ఆగాయో అనిపిస్తుంది. అక్కడ క్యూ ఉంటుంది, ఉదయం వెళ్తే ఉండదు.

ఎడమవైపు ముందుకు సాగితే లుత్గార్డా అనే క్రైస్తవ సన్యాసిని విగ్రహం వస్తుంది. మత్యాష్ బ్రౌన్ 1710లో చెక్కిన ఈ శిల్పంలో క్రీస్తు శిలువ మీంచి వంగి ఆమెను దగ్గరికి తీసుకుంటాడు. రాయి బట్టలా మడతలు పడిన తీరు చూడాలంటే పక్కకు వెళ్లి నిలబడాలి. నాకు వంతెన మొత్తం మీద ఇదే మిన్న. ఇంకాస్త ముందుకు వెళ్తే, గుహలో బందీలు, ఆ బందీలకు కాపలాగా పొట్టతో నిలబడ్డ తురుష్కుడు, అతని కుక్క ఉన్న పెద్ద సమూహం వస్తుంది; పిల్లలు దాన్ని వదలరు.

ఈ నడకలో సంచి ముందువైపు వేసుకోండి, ఫోను వెనక జేబులో పెట్టవద్దు. రద్దీ పెరిగాక జేబుదొంగలు తిరిగే చోటిది. వంతెనకు దారితీసే కార్లోవా వీధిలో డబ్బు మార్చే దుకాణాలు ఎక్కువ. బోర్డు మీది అంకె చూసి మోసపోకుండా చేతికి ఎంత వస్తుందో ముందే అడగాలి. రేటు అన్యాయమనిపిస్తే, రసీదు ఉంటే మూడు గంటలలోపు వెనక్కి ఇచ్చే హక్కును అక్కడి చట్టం కల్పించింది.

నాలుగో అడుగు: అవతలి బురుజులు, వంతెన కింద

పడమటి చివర రెండు బురుజులు, వాటి మధ్య ద్వారం ఉంటాయి. పొట్టిది కూలిపోయిన యుడిత్ వంతెన నాటిది, అంటే చార్లెస్ పుట్టకముందునుంచే ఉన్నది. పొడవుదాన్ని 1464లో మొదలుపెట్టారు, పాత పట్టణపు బురుజుకు జోడుగా ఉండాలని.

అక్కడిదాకా వెళ్లకముందే ఎడమవైపు మెట్లున్నాయి. కాంపా ద్వీపానికి దిగండి. దిగి నది అంచుకు వెళ్తే వంతెన దిమ్మెలు, ఇసుకరాతి కమానులు కింద నుంచి కనిపిస్తాయి. ప్రవాహానికి ఎగువన, పాత పట్టణం వైపున్న దిమ్మెల ముందు నీళ్లలో ఏటవాలుగా నిలిపిన చెక్క దూలాల వరుసలు ఉంటాయి. చలికాలంలో నది మీద తేలివచ్చే మంచుగడ్డలు దిమ్మెలను ఢీకొట్టకుండా వాటిని చీల్చడానికి పెట్టినవి. స్వర్ణముఖి ఇసుకను చూసి పెరిగినవారికి నది ఇలా గడ్డకట్టి దాడి చేయగలదన్నది కొత్త సంగతి.

తిరిగి పాత పట్టణం చివరికి వచ్చినప్పుడు ఉత్తరపు పిట్టగోడ మీంచి వంగి ఒడ్డు గోడను చూడండి. రాతిలో గడ్డంతో ఉన్న ఒక తల కనిపిస్తుంది. పాత వంతెన నుంచి మిగిలింది. పట్టణవాసులు దాన్ని వరద కొలతగా వాడుకున్నారు. నీరు గడ్డాన్ని తాకితే ఒడ్డు ఇళ్లు మునుగుతాయని, తలను ముంచితే పట్టణమంతా మునుగుతుందని దానితో లెక్క.

ఐదో అడుగు: బురుజు ఎక్కడం

మూడు బురుజుల్లో ఒక్కటే ఎక్కగలిగితే పాత పట్టణం వైపున్నదే ఎక్కండి. అక్కడి నుంచి వంతెన మెల్లగా మెలిక తిరుగుతూ వెళ్లి అవతలి రెండు బురుజుల మధ్య దూరడం, వాటి వెనక కోట, వీటస్ ఆలయ శిఖరాలు ఒకే చూపులో అందుతాయి. కింద నడిచినప్పుడు వంతెన తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ మెలిక పైనుంచే తెలుస్తుంది. తూర్పువైపు తిరిగితే పాత పట్టణపు ఎర్రని పెంకుల కప్పులు, వాటి మధ్య శిఖరాలు.

మెట్లు 138. శ్రీవారి మెట్టు ఎక్కినవారికి అదొక లెక్క కాదు గాని, ఇక్కడి ఇబ్బంది సంఖ్యలో లేదు. మెలికలు తిరిగే ఇరుకు మెట్లు అవి, లిఫ్టు లేదు, ఎదురుగా దిగేవారు వస్తే గోడకు ఒదిగి ఆగాలి. చీర కట్టుకున్నవారు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకుని ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారిని బలవంతం చేయవద్దు. వారిని పాత పట్టణపు కూడలిలో 1410 నాటి ఖగోళ గడియారమున్న పాత పురమందిరానికి తీసుకువెళ్లండి. ఆ బురుజుకు లిఫ్టు ఉంది, పట్టణమంతా పైనుంచి కనిపిస్తుంది.

మరో పూట మిగిలితే

వంతెన మీది విగ్రహాల్లో చాలావరకు ఇప్పుడు నకళ్లే. ఇసుకరాయి వానకూ పొగకూ అరిగిపోతుందని అసలువాటిని లోపలికి తరలించారు. వాటిలో చాలా వాటిని నేషనల్ మ్యూజియం వారి లాపిడేరియంలో (రాతి శిల్పాల ప్రదర్శనశాల), కొన్నిటిని విషెహ్రాద్ కోట అడుగున ఉన్న గోర్లిట్సె అనే చీకటి హాలులో ఉంచారు. లాపిడేరియం ఏడాది పొడవునా తెరిచి ఉండదు, వెళ్లే ముందు వేళలు చూసుకోవాలి. గోర్లిట్సెలోకి గైడుతో కలిసే వెళ్లనిస్తారు. బురుజు తూర్పు ముఖం మీద అంత ఎత్తున చూసిన చార్లెస్, వాట్స్‌లావ్‌ల అసలు విగ్రహాలు లాపిడేరియంలో కళ్లకు ఎదురుగా ఉంటాయి. వంతెన చూసిన మర్నాడే వెళ్తే, ముసలి చక్రవర్తి వంగిన భుజాలను శిల్పి ఎంత శ్రద్ధగా చెక్కాడో దగ్గర నుంచి పోల్చి చూడవచ్చు.